తాబేలు కాలికి అడ్డు లేదు

పదకొండో భాగం

పోయిన వారం మనం తాబేలుని వంటగది బల్ల మీద వెల్లకిలా పడేసి వచ్చేశాం. పాపం, అప్పట్నించీ అది అలాగే ఉంది, నాలుగు కాళ్ళూ గాల్లో పెట్టుకుని. ముందు దాన్ని లేపి కూర్చోబెట్టాలి.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ తాబేలుకి ప్రాణం లేదు. మన కోడలు తన చేత్తో చేసిన మరబొమ్మ అది. రేకు పెంకు, రబ్బరు పాదాలు, నాలుగు కాళ్ళకి నాలుగు సర్వోలు, మెడకొకటి. సర్వో అంటే అగ్గిపెట్టెకి అన్నలాంటి నల్ల డబ్బా. మూడు వైర్లుంటాయి, పైన తిరిగే ఇరుసుంటుంది. ఎంత తిరగమంటే అంత తిరిగి, అక్కడ ఆగి, బిగుసుకుని నిలబడుతుంది. వీటిని ఎంచుకోడానికే కోడలికి నెల పట్టింది. మొదట తెచ్చిన బుల్లి నీలం సర్వోలు తాబేలు బరువుకి మూలిగి చచ్చిపోయాయి. ఇత్తడి పళ్ళవి చూస్తే తాబేలు కంటే అవే బరువున్నాయి. ఆఖరికి నైలాను పళ్ళచక్రాలవి కుదిరాయి. ఒక్కొక్కటి ఆరు సెంటీమీటర్ల కాలుతో కిలో బరువు లేపుతుంది. ఐదు వాడకానికి, ఒకటి అదనం, మొత్తం ఆరు తెచ్చింది.

ఎందుకింత తాపత్రయం అంటారా? కోడలు పనిచేసే సెల్‌ఫోన్ల మరమ్మతు కొట్టు మూతపడి ఎనిమిది నెలలైంది. పిల్లల విజ్ఞానశాలలో కదిలే బొమ్మలు తయారుచేసే వర్క్‌షాపులో ఒకే ఒక్క ఉద్యోగం పడింది. ఆ ఉద్యోగానికి పెట్టిన వయసు గడువు కోడలికి ఈ ఏడాదితో సరి. పరీక్ష రాతపరీక్ష కాదు. బొమ్మని తెచ్చి బల్ల మీద ఈ చివర్నించి ఆ చివరికి నడిపించాలి, మధ్యలో మూడు వేళ్ళ ఎత్తు మెట్టు ఎక్కించాలి, చివర్లో అది మెడ తిప్పి జనాన్ని చూడాలి. పైగా ఒక షరతు, కోడలు కాగితం మీద సంతకం పెట్టి మరీ ఒప్పుకున్నది: బొమ్మలో ప్రతి మార్పూ అభ్యర్థి స్వహస్తాలతోనే చేసినదై ఉండాలి.

ఇక మన అత్తగారు. ఊళ్ళో పళ్ళ డాక్టర్లందరికీ పళ్ళసెట్లు చేసిపెట్టేది ఈవిడే. ముప్ఫై ఏళ్ళ చెయ్యి. ఆ ఇంటి ముందుగది నిండా దవడల అచ్చులు, గులాబీరంగు పొడి డబ్బాలు, పళ్ళని గీరి పాలిష్ పెట్టడానికి గుయ్యిమని తిరిగే చేతిమోటారు. అలాంటి మనిషి ఇంట్లో ఉండగా, షరతు పుణ్యమా అని, కోడలు ఆవిణ్ణి తాబేలుని ముట్టుకోనివ్వలేదు. ఒక్కసారి తప్ప. తాబేలు ఇసకలో బోర్లాపడ్డ రోజున ఐదు సర్వోల చక్రాలూ విప్పి, "కాస్త కడిగి ఆరబెట్టండి అత్తయ్యా" అని అప్పగించి, తను బయటికెళ్ళింది.

నిన్న సాయంత్రం తాబేలు మెట్టు ఎక్కలేకపోతోందని కాలుని ఇంకాస్త ఊపమని కోడలు ఆజ్ఞ ఇచ్చిందో లేదో, ఎడమ వెనకకాలు ఆగాల్సిన చోట ఆగకుండా గిర్రున తిరిగి, బల్ల మీది టీ గ్లాసుని అత్తగారి ఒళ్ళోకి తన్నింది. అక్కడ ఆపాం.

ఇప్పుడు ఉదయం పది. పరీక్ష సాయంత్రం నాలుగింటికి.

"ప్రోగ్రాములో తప్పు లేదు అత్తయ్యా" అంది కోడలు, జుట్టు ముడేసుకుని అందులో స్క్రూడ్రైవరు గుచ్చుకుంటూ. "పొద్దుట్నించీ మూడుసార్లు చూశాను. వైర్లు బాగున్నాయి. బ్యాటరీ బాగుంది. ఏముందో ఈ డబ్బాలోనే ఉంది."

"విప్పి చూడరాదూ మరి" అంది అత్తగారు. నిజంగా సాయం చెయ్యాలనే అంది. ఆ విప్పడంలో తన మెడకే చుట్టుకునేది ఉందని ఆవిడకేం తెలుసు!

కోడలు వెనకకాలి సర్వోకి నాలుగు మరలూ విప్పింది. పైమూత తీసింది. పెద్ద పళ్ళచక్రాన్ని పటకారుతో బయటికి లాగి దీపం కింద తిప్పింది. కనుబొమలు ముడిపడ్డాయి. డ్రాయరు లాగి, సీలు తియ్యని ఆరో సర్వోని తెచ్చి దాన్నీ విప్పింది. అందులోంచి అలాంటి చక్రాన్నే తీసి, రెంటినీ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టింది.

"చూడండి. కొత్తదాని మీద ఇక్కడ చిన్న బుడిపె ఉంది, ఆవగింజంత. పాతదాని మీద లేదు."

అత్తగారి కళ్ళకంటే ముందు బొటనవేలికి అర్థమైంది. ఆ బుడిపె ఆ వేలికి బాగా తెలుసు. ఒకటి కాదు, ఐదు బుడిపెలు తెలుసు.

"కంపెనీవాళ్ళు పెట్టడం మర్చిపోయారేమోనే" అంది.

కోడలు స్క్రూడ్రైవరు మళ్ళీ అందుకుంది. మిగతా నాలుగు సర్వోలూ వరసగా విప్పింది. టకటకా నాలుగు చక్రాలూ కాగితం మీదికొచ్చాయి. ఒక్కదానికీ బుడిపె లేదు. ఉండాల్సిన చోటు నున్నగా, అద్దంలా మెరుస్తోంది.

"ఐదింటికీ మర్చిపోయారా?" అంది కోడలు నెమ్మదిగా. "మర్చిపోయి, ఆ మర్చిపోయిన చోట పాలిష్ కూడా పెట్టి పంపించారా?"

ఆ ఇంట్లో పాలిష్ పెట్టే మనిషి ఒక్కరే. కొడుకు బస్సు నడుపుతాడు, ఆ సమయానికి డ్యూటీలో ఉన్నాడు. కాబట్టి నేరం తోసెయ్యడానికి ఇంకెవరూ లేరు. అత్తగారు ముక్కు చీదుకుంది, కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది.

"నేనేనమ్మా" అంది.

"మీరా?"

"కడగమన్నావు. కడిగాను. కడుగుతుంటే వేలికి ఏదో గరుకుగా తగిలింది. అచ్చులోంచి తీసినప్పుడు మిగిలిపోయిన ముక్క అనుకున్నాను. మా పనిలో అలాంటివి ఉంటాయి. అది చిగుళ్ళకి గుచ్చుకుంటుంది, పుండవుతుంది. వేలికి తగిలితే నా చెయ్యి ఊరుకోదు. రెండు నిమిషాల్లో తీసేశాను. ఐదింటికీ."

"అది పళ్ళసెట్టు కాదత్తయ్యా!" కోడలి గొంతు ఇల్లెగిరిపోయేలా లేచింది. "ఎవరి నోట్లో పెట్టుకుంటారని అంత నున్నగా చేశారు? ఆ బుడిపె అడ్డు! సర్వో అరచుట్టు తిరిగాక లోపలి గోడకి తగిలి, ఇక చాలు, ఆగు అని చెప్పేది అదే! అది లేకపోబట్టే నిన్న కాలు ఆగలేదు. లోపలి తిప్పుడు కూడా ఆ జోరుకి పుటుక్కుమంది. ఇదిగో, చూడండి."

లోపలి తిప్పుడంటే రేడియోలో శబ్దం పెంచే బిరడా లాంటిది. చక్రంతో పాటు తిరుగుతూ, ఇరుసు ఎంతవరకు వచ్చిందో సర్వోకి కబురు చెప్పేది అదే. వెనకకాలి దానికి లోపలుండే అడ్డు విరిగిపోయి, ఎటు తిప్పితే అటు వదులుగా తిరుగుతోంది.

"చెప్పి చెయ్యొచ్చుగా? ఒక్క మాట అడగొచ్చుగా?"

"నువ్వు సంతోషిస్తావనుకున్నాను."

"నేనేం చెప్పాను మీకు? మీ చెయ్యి దీంట్లో ఎక్కడా కనబడకూడదని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! కాగితం మీద సంతకం పెట్టానత్తయ్యా నేను!"

అనేసి కోడలు కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది.

అత్తగారికి తల కొట్టేసినట్టయింది. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో సగంమంది నోళ్ళలో ఉన్న చెయ్యి అది. ఎవరూ ఎప్పుడూ కనబడకూడదనలేదు. కోపం కూడా వచ్చింది, నిజం చెప్పాలంటే. కానీ ఎదురుగా కోడలి భుజాలు కదులుతుంటే ఆ కోపం నిలబడలేదు. ఈ పిల్ల ఎనిమిది నెలలుగా ఉద్యోగం లేదన్న మాట పైకి అనకుండా, పొద్దున్నే లేచి స్నానం చేసి, కొట్టుకి వెళ్తున్నట్టే తయారై ఈ బల్ల దగ్గర కూర్చుంటోంది. అది ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ చూసింది తనే. అలాంటి పిల్ల నోటి దగ్గరి కూడు తనే లాగేసిందా? ఆవిడకి ఏడుపొచ్చింది. ఆపుకుంది.

గోడ గడియారం పదీ ఇరవై చూపించింది.

"ఒక మాట చెప్తే తిట్టవు కదా?" అంది అత్తగారు.

"తిట్టడానికి ఇంకేం మిగిలిందని."

"నిన్న ఆ కాలు తిరిగిందే, గ్లాసుని తన్నకముందు ఇంకోటి చేసింది. నువ్వు ఫోన్లో నంబర్లు చూసుకుంటున్నావు. పక్కన నా పాత పుస్తకాలు రెండున్నాయి చూడు, ఒకదాని మీదొకటి. ఆ కాలు పైనుంచి వచ్చి వాటి అంచుని పట్టుకుని, వెనకభాగం మొత్తాన్ని పుస్తకాల మీదికి లేపేసింది. ఆ తర్వాతే వెల్లకిలా పడింది."

కోడలు మొహం మీంచి చేతులు తీసింది.

"పుస్తకాలెక్కిందా?"

"ఎక్కింది. నా కళ్ళతో చూశాను."

కోడలు లేచి ఆ రెండు పుస్తకాలూ తెచ్చి బల్ల మీద పెట్టింది. మూడు వేళ్ళు అడ్డంగా ఆనించి కొలిచింది. సరిగ్గా మెట్టంత. తర్వాత తన మోచేతిని తాబేలు కాలిలా వంచి పుస్తకాల ముందు ముందుకీ వెనక్కీ ఊపింది. వేళ్ళు పుస్తకాల పక్కకి కొట్టుకుని జారిపోయాయి. ఇన్నాళ్ళూ తాబేలు చేస్తున్నది అదే, మెట్టు మొహం మీద తన్నడం. ఈసారి చేతిని భుజం నుంచి పూర్తిగా గుండ్రంగా తిప్పింది. అరచెయ్యి పైనుంచి వచ్చి పుస్తకాల మీద ధబ్బున పడింది.

"పైనుంచి వస్తుంది" అంది.

మళ్ళీ తిప్పింది. మళ్ళీ ధబ్బుమంది.

"అత్తయ్యా! పైనుంచి వస్తుంది! ఆగకపోతేనే ఎక్కుతుంది! నేను నెల్లాళ్ళుగా ఇంకాస్త ఊపు, ఇంకాస్త ఊపు అని దాని ప్రాణం తోడేస్తున్నాను. ఊపడం కాదు, తిరగాలి! నాలుగు కాళ్ళూ చక్రాల్లా చుట్టు తిరగాలి!"

"అంటే బుడిపె లేకపోవడం..."

"లేకపోవడమే కావాలి! కాళ్ళకి వద్దు. మెడకి మాత్రం ఉండాలి, లేకపోతే మెడ మెలిపడి వైర్లు తెగుతాయి." ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది, కళ్ళ కింద తడి ఇంకా ఆరనేలేదు. "చూడండి, నున్నటివి ఐదు. బుడిపె ఉన్నది కొత్తదొకటి. కొత్తది మెడకి. నున్నటివి నాలుగు కాళ్ళకి. ఒకటి మిగులుతుంది. సరిపోయింది అత్తయ్యా, సరిపోయింది!"

అత్తగారు లేచి ముందుగదిలోకి పరిగెత్తినంత పనిచేసి చేతిమోటారు తెచ్చింది. "ఏం చెయ్యాలో చెప్పు!"

కోడలు ఆవిడ చేతులు పట్టుకుని ఆపింది. ఆపి, ఒక్క క్షణం ఆ చేతుల వైపు చూసింది.

"మీరు చెప్పండి. నేను చేస్తాను."

పని రెండు భాగాలు. మొదటిది కోడలికి కొట్టిన పిండి. లోపలి తిప్పుడుకి పోయే మూడు తీగలూ ఊడబీకి, వాటి స్థానంలో కరెంటు జోరు తగ్గించే బుల్లి రెసిస్టర్లు ఒకే విలువున్నవి రెండు అతికిస్తే, సర్వో ఎప్పటికీ తను నడిమధ్యలోనే ఉన్నాననుకుంటుంది. ముందుకెళ్ళమంటే, ఇంకా రాలేదు ఇంకా రాలేదు అనుకుంటూ తిరుగుతూనే ఉంటుంది. సెల్‌ఫోన్ల కొట్లో అంతకంటే సన్నపని వెయ్యిసార్లు చేసిన చెయ్యి కోడలిది. గంటలో నాలుగూ అతికించేసింది.

రెండోదే అసలు చిక్కు. పళ్ళచక్రం అడుగున ఒక రంధ్రం ఉంటుంది, ఒకవైపు బల్లపరుపుగా. తిప్పుడు కాడ అందులో బిగుసుకుని ఉంటుంది. కాడకి ఒక హద్దుంది కాబట్టి చక్రం కూడా అక్కడ ఆగిపోతుంది. ఆ బల్లపరుపు వైపుని గీరేసి రంధ్రాన్ని పూర్తి గుండ్రంగా చేస్తే, కాడ కదలకుండా ఉండి, చక్రం దాని చుట్టూ తిరుగుతుంది. అడ్డు విరిగిన వెనకకాలి దానికి ఈ అవసరం లేదు. మిగతా మూడింటికి కావాలి. వెంట్రుకవాసి ఎక్కువ గీరితే చక్రం ఊగిపోయి పళ్ళు పళ్ళని నమిలేస్తాయి.

అత్తగారు కుర్చీలో కూర్చుని రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుంది. లేకపోతే అవి ఊరుకోవని ఆవిడకి తెలుసు.

"ఆ మొన సన్నది కాదు, దాని పక్కది. ఆఁ, అదే. వేగం తగ్గించు. ఇంకా తగ్గించు. నైలాను వేడెక్కితే జిగురవుతుంది, మొనకి చుట్టుకుంటుంది. ముట్టించు, తియ్యి. ముట్టించు, తియ్యి. పిల్లి పాలు తాగినట్టు."

"ఇలాగా?"

"చెయ్యి గాల్లో పెట్టకు! చిటికెన వేలు బల్లకి ఆనించు. వేలు ఆనకపోతే చెయ్యి ఎక్కడికి పోతుందో దానికే తెలీదు."

గుయ్యిమంది మోటారు. కోడలు ఊపిరి బిగబట్టింది. అత్తగారు కూడా బిగబట్టింది. తొడల కింద ఆవిడ వేళ్ళు అక్కడికక్కడే గీరుతున్నాయి.

"ఇంక చాలు, చాలు, ఆపు, ఆపమన్నానా!"

ఆలస్యమైపోయింది. మొన పక్కకి జారి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. మొదటి చక్రం చెడింది.

ఇద్దరూ దాని వైపే చూస్తూ కూర్చున్నారు. మిగులుందన్న ఒక్కటీ అలా పోయింది. ఇక ఏ ఒక్కటి పాడైనా తాబేలుకి మూడు కాళ్ళే.

"మీరు చేస్తే రెండు నిమిషాల పని కదా" అంది కోడలు చిన్నగొంతుతో.

"ఒక్క నిమిషం" అంది అత్తగారు. అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు. "కానీ సంతకం నీది. తియ్యి రెండోది. ఈసారి కళ్ళు మూసుకో."

"కళ్ళు మూసుకునా!"

"గీరేటప్పుడు కాదే తల్లీ, చూసుకునేటప్పుడు. కాడ మీద పెట్టి తిప్పు. ఎక్కడ పట్టుకుంటోందో వేలు చెప్తుంది. కళ్ళు తెరిస్తే వేలు మాట వినవు నువ్వు."

రెండో చక్రం పావుగంట పట్టింది. ముట్టించడం, తియ్యడం, కాడ మీద పెట్టడం, కళ్ళు మూసుకోవడం, తిప్పడం. ఇరవయ్యోసారో ఇరవై ఒకటోసారో కోడలు పెదవుల మీద నవ్వు పాకింది. కళ్ళు తెరవకుండానే, "వచ్చింది" అంది. అత్తగారు ఒక్క చెయ్యి బయటికి తీసి, కళ్ళజోడు సర్దుకుని, వంగి చూసింది. ముట్టుకోకుండానే చూసింది. వచ్చింది. మూడోది పది నిమిషాల్లో వచ్చింది. నాలుగోది రంధ్రం సరిగ్గానే ఉంది కానీ, చివర్లో అంచున చిన్న గరుకు మిగిలింది.

"అది తీస్తే పెద్దదవుతుందేమో, భయంగా ఉంది" అంది కోడలు.

"తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"అయితే వదిలెయ్" అంది అత్తగారు. ఆ మాట అనడానికి ఆవిడ పడ్డ బాధ ఎవరికీ తెలియదు.

ఒంటిగంటకి తాబేలు మళ్ళీ నాలుగు కాళ్ళ మీద నిలబడింది. కోడలు మీట నొక్కింది. అది నడవలేదు, ఉన్నచోటే గిరికీలు కొట్టింది, తోక పట్టుకోబోయిన కుక్కపిల్లలా. "కుడివైపువి తిరగేసి బిగించాను కదా, వాటికి ఎదురు లెక్క చెప్పాలి" అని కోడలు నాలిక్కరుచుకుని, రెండు అంకెలకి ముందు మైనస్ గీతలు పెట్టింది. మళ్ళీ నొక్కింది. ఈసారి నడిచింది కానీ, ఆగమన్నా ఆగకుండా ముందుకి పాకింది. ఆగమని చెప్పే నడిమి అంకెని కొద్దికొద్దిగా జరుపుతూ వచ్చింది. జరిపి జరిపి ఒకచోట ఆపేసరికి తాబేలు బుద్ధిగా నిలబడింది.

"ఇప్పుడు పుస్తకాలు పెట్టండి" అంది.

పుస్తకాలు పెట్టారు. తాబేలు టపటపా వచ్చింది. ముందు కుడికాలు పైకి లేచి, గుండ్రంగా తిరిగి, పుస్తకం మీద ధబ్బున పడింది. ఎడమది పడింది. మూతి పైకి లేచింది. వెనకకాళ్ళు రెండు తిప్పులు వృథాగా తిరిగి, మూడో తిప్పుకి అంచు పట్టుకున్నాయి. పెంకు మొత్తం ఒక్కసారి ఊగి, పుస్తకాల మీదికి ఎక్కి కూర్చుంది. మెడ అటు తిరిగింది, ఇటు తిరిగింది, బుడిపె తగిలిన చోట బుద్ధిగా ఆగి, అత్తగారి వైపే చూసింది.

"ఓరి నీ అసాధ్యం కూలా!" అని అరిచింది అత్తగారు.

కోడలు ఆవిణ్ణి వాటేసుకుని గిర్రున తిప్పేసింది. ముందుగదిలో అరల మీది అచ్చుపళ్ళు గలగలలాడాయి. ఇద్దరూ నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు, ఏది ఎవరిదో తెలియడం లేదు. ఆరుసార్లు ఎక్కించారు. ఆరుసార్లూ ఎక్కింది. కాకపోతే నాలుగో చక్రం ఉన్న కాలు మాత్రం ప్రతి చుట్టుకీ ఒకసారి 'టిక్' మనేది.

కోడలు తయారవడానికి లోపలికి వెళ్ళింది. గదిలో అత్తగారు, తాబేలు, చేతిమోటారు మిగిలారు. మూత విప్పడానికి ఒక నిమిషం, గరుకు తియ్యడానికి పది క్షణాలు, బిగించడానికి మరో నిమిషం. ఎవరికి తెలుస్తుంది? అత్తగారి బొటనవేలు దురద పెట్టింది. ఆవిడ తాబేలు వైపు చూసింది. తాబేలు మెడ ఇటే తిరిగి ఉంది. "నన్నలా చూడకు" అంది దానితో. చేతిమోటారు ప్లగ్గు పీకి, వైరు చుట్టి, కుర్చీ మీద పెట్టి, దాని మీదే కూర్చుంది. కోడలు బయటికొచ్చి, "ఏంటత్తయ్యా అలా కూర్చున్నారు?" అంటే, "ఊరికేనే, పద పద, ఆలస్యమవుతోంది" అంది.

విజ్ఞానశాల హాలు పెద్దది. ముందు పొడుగాటి బల్ల, మధ్యలో చెక్కమెట్టు. బల్ల వెనక నలుగురు పెద్దలు, నడిమధ్యన తెల్లమీసాలాయన, ఆ వర్క్‌షాపు పెట్టిన మనిషి. వచ్చినవాళ్ళు కూర్చోడానికి వెనక నాలుగు వరసల కుర్చీలు. అత్తగారు మూడో వరసలో కూర్చుంది. అలవాటైపోయి చేతులు తొడల కిందే పెట్టుకుంది.

కోడలికి ముందు ముగ్గురు వచ్చారు. ఒకరి కుక్క మెట్టు దగ్గర బోర్లాపడింది. ఒకరి సాలీడు బ్రహ్మాండంగా నడిచి, మెట్టు ఎక్కి, సగంలో బ్యాటరీ అయిపోయి నిలిచిపోయింది. మూడో ఆయన బండి మెట్టుని మొత్తంగా నెట్టుకుంటూ పోయింది, అందరూ నవ్వారు. తర్వాత కోడలి తాబేలు.

టపటపటప, టిక్. టపటపటప, టిక్. మెట్టు వచ్చింది. కాలు పైనుంచి ధబ్బుమంది. ఇంకో కాలు. ఒక్క ఊపు. ఎక్కేసింది! వెనక వరసల్లోంచి చప్పట్లు వినిపించాయి. తాబేలు చివరిదాకా నడిచి, మెడ తిప్పి పెద్దల్ని ఒక్కొక్కరినీ చూసేసరికి నలుగురిలో ఒకావిడ దానికి చెయ్యి ఊపింది కూడా. అత్తగారికి కూర్చున్నచోట కాళ్ళు నిలవడం లేదు.

తెల్లమీసాలాయన మాత్రం చప్పట్లు కొట్టలేదు. భూతద్దం తీసుకుని, "ఒక కాలు విప్పి చూపించమ్మా" అన్నాడు. "ఆ టిక్కుమనేది."

కోడలు విప్పి చక్రాన్ని ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన రంధ్రంలోకి చాలాసేపు చూశాడు.

"ఇది నువ్వే గీరావా?"

"అవును సార్."

"చెయ్యి కొత్తదే. కానీ జాగ్రత్త ఉంది. గరుకు తీద్దామనుకుని, పెద్దదవుతుందని భయపడి ఆపేశావు. మంచి పని చేశావు. ఆపడం తెలియనివాడు ఈ పనికి పనికిరాడు."

అత్తగారి కడుపు నిండిపోయింది. అయిపోయింది, ఉద్యోగం వచ్చేసింది అనుకుంది. ఆయన చక్రాన్ని వెనక్కి ఇవ్వబోతూ ఆగాడు. బొటనవేలు దాని పైభాగం మీద ఆనింది. ఒకసారి రాశాడు. మళ్ళీ రాశాడు. భూతద్దం మళ్ళీ పైకి లేచింది.

"ఇక్కడ అడ్డు బుడిపె ఉండాలి. తీసేశారు. సరే, అవసరమే. కానీ తీసిన తీరు..." ఆయన దీపాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "గీత లేదు, మచ్చ లేదు. ఇది ముప్ఫై ఏళ్ళ చెయ్యి. లోపల గీరిన చెయ్యి ఇది కాదు. దీంట్లో రెండు చేతులున్నాయమ్మా. రెండోది ఎవరిది?"

ఆయన మోచేతి కింద కోడలు సంతకం పెట్టిన షరతు కాగితం ఉంది. స్వహస్తాలతోనే.

ఆ చెయ్యి నాదేనను, అనుకుంది అత్తగారు. నాదేననవే తల్లీ. నిన్ననే నేర్చుకున్నాననో, మిషను మీద చేశాననో, ఏదో ఒకటి చెప్పు. ఎవరూ రుజువు చెయ్యలేరు. నా చెయ్యి దీంట్లో లేనే లేదనుకో. ఆవిడ కుర్చీలో కిందికి జారి, ముందు వరసలోని మనిషి వీపు వెనక దాక్కోబోయింది.

కోడలు తాబేలు వైపు చూసింది, కాగితం వైపు చూసింది. తర్వాత పెద్దలకి వీపు పెట్టి వెనక్కి తిరిగి, మూడో వరస దాకా వెతికింది.

"మా అత్తగారిది సార్" అంది. ఆ మూల నుంచి ఈ మూలదాకా వినిపించింది. "పొరపాటున చేశారు. ఆ పొరపాటు లేకపోతే నా తాబేలు ఈ మెట్టు ఎక్కేది కాదు. అత్తయ్యా, ఒకసారి లేచి నిలబడండి. మీ చెయ్యి చూపించండి."

అత్తగారు లేచింది. పొద్దుట్నించీ తొడల కింద దాచుకున్న రెండు చేతుల్నీ ఏం చెయ్యాలో తెలియక అలాగే ముందుకి చాపి నిలబడింది.

తెల్లమీసాలాయన ఆ చేతుల వైపు ఒకసారి చూశాడు. తర్వాత మోచేతి కింది కాగితాన్ని ముందుకి లాక్కుని, కలం మూత తీశాడు.